పూల్ ఫిల్టర్ ఇసుక ఆక్వేరియంలో ఎలా ఉంది? ఏళ్ల వాడకం తర్వాత

స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో పోసే సిలికా ఇసుకను మంచినీటి చేపల ట్యాంకులో ఏళ్ల తరబడి వాడాక తేలింది ఒకటే: ఇసుకను రంగు చూసి కాదు, గింజ చూసి కొనాలి. అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు లోపు గింజ బాగా పనిచేస్తుంది. పిండిలా ఉంటే కాస్త కదిలినా పైకి లేస్తుంది, అడుగున గట్టిగా బిగుసుకుపోతుంది. మరీ లావైతే మేత, మలం సందుల్లోకి దిగిపోతాయి. ఆ మాత్రానికి గులకరాళ్లే నయం. కోరిడోరాస్ (అడుగున మేత వెతుక్కునే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతాయి కాబట్టి, వేళ్ల మధ్య నలిపినప్పుడు గరుకుగా గుచ్చుకునే రకం వద్దు.

కొన్నాక చెంచాడు పొడి ఇసుక మీద వెనిగర్ పోయండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయో గవ్వల పొడో ఉన్నట్టే. అది నీటి కఠినత్వాన్నీ పీహెచ్‌నీ పెంచుతుంది.

60 × 30 సెంటీమీటర్ల అడుగుకు 4 సెంటీమీటర్ల మందం కావాలంటే 7 లీటర్ల పైచిలుకు, అంటే 11-12 కిలోలు పడుతుంది. బకెట్లో రెండేసి కిలోలు వేసి, చేత్తో కలియబెట్టి, మురికి వంచేస్తూ నీళ్లు తేటపడేదాకా కడగాలి. సబ్బు తగలకూడదు.

చేపలున్న ట్యాంకులో పోసేటప్పుడే అసలు ఇబ్బంది. ముందు ఫిల్టర్, హీటర్ ప్లగ్గులు తీసేయండి. నీటిమట్టం తగ్గి హీటర్ బయటపడితే దాని గాజు పగులుతుంది. మూడో వంతు నీళ్లు తోడేసి, 2 అంగుళాల పీవీసీ గొట్టాన్ని అడుగుదాకా దించి, తడి ఇసుకను గ్లాసుతో కొద్దికొద్దిగా జారవిడవండి. బరువైన రాళ్లు మాత్రం ముందే ట్యాంకు అడుగు గాజు మీద కూర్చోవాలి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వినప్పుడు ఒరిగిపోతాయి. నీళ్లు తేరుకున్నాకే ఫిల్టర్ వేయాలి, లేదంటే అందులో నీటిని తోసే చిన్న చక్రం, ఇంపెల్లర్, అరిగిపోతుంది.

పాత గులకరాళ్ల మీదే ఇసుక పోసేస్తే సరిపోతుందనుకోవద్దు. ఇసుక సందుల్లోంచి కిందికి జారి, రాళ్లు మళ్లీ పైకి తేలతాయి. అలాగని ఒక్కరోజే అంతా తీసేసినా ప్రమాదమే: వాటిని అంటుకున్న మేలు చేసే బ్యాక్టీరియా పోయి అమ్మోనియా పెరుగుతుంది. వారానికో మూడో వంతు తీయండి, ఆ రోజుల్లో ఫిల్టర్ స్పాంజి కడగకండి, అమ్మోనియా పరీక్ష మానకండి.

లోపాలూ ఉన్నాయి. తెల్ల ఇసుకైతే ప్రతి మలపు పోగూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లేత గోధుమ రంగు నయం. ఇందులో పోషకాలు ఉండవు, వేర్లతో పోషకాలు తీసుకునే మొక్కలకు ఎరువు బిళ్లలు గుచ్చాల్సిందే. 5 సెంటీమీటర్లు దాటితే లోపల ఆక్సిజన్ అందక నల్లమచ్చలు, కుళ్లిన గుడ్ల వాసన మొదలవుతాయి. నీళ్లు మార్చే రోజు సన్నని పుల్లతో పైపైన కదిపితే చాలు. చెత్తను నీళ్లతో పాటు లాగే సైఫన్ గొట్టాన్ని ఇసుకలోకి గుచ్చకుండా 2 సెంటీమీటర్లు పైన తిప్పండి, చెత్త వస్తుంది, ఇసుక రాదు.