అలాయ్ వీల్స్‌కి ఏ ఫినిష్ వేయించాలి: అంబత్తూరులో పౌడర్ కోటింగ్ చేయించాక నా రివ్యూ

చెన్నైలో, అందులోనూ సముద్రం పక్కనుండే తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వైపు ఉండేవాళ్లు పాత వీల్స్‌కి మళ్లీ డైమండ్ కట్ చేయించే ఆలోచన ఉంటే మానేయండి. నా కారుకి కంపెనీ నుంచే డైమండ్ కట్ వచ్చింది, షోరూంలో చూస్తే భలే ఉంటుంది కానీ ఆ మెరుపేంటంటే లేత్ మీద పెట్టి పైపొర చెక్కేసిన ఉత్త అల్యూమినియం, దాని మీద కాపలా రంగు లేని ఒక్క క్లియర్ కోటే. చెక్కిన చోట అంచులు పదునుగా ఉంటాయి కదా, అక్కడ క్లియర్ ఇంకా పల్చగా పడుతుంది. ఫుట్‌పాత్ అంచు రాయికి ఒక్కసారి గీసుకుందా, ఇక ఆ గీత దగ్గర్నుంచి ఉప్పు గాలి, వాన నీళ్లు దూరి క్లియర్ కింద తుప్పు తెల్లటి దారాల్లా పాకుతూ పోతుంది, పైన ఎంత పాలిష్ కొట్టినా పోదు ఎందుకంటే అది ఉన్నది లోపల. మళ్లీ లేత్ ఎక్కిస్తే కొత్తదానిలాగే వస్తుంది కానీ ప్రతిసారీ కొంచెం మెటల్ పోతుంది, అలా ఎన్నిసార్లు చెక్కిస్తాం?

కారు విడిభాగాల షాపులుండే జీపీ రోడ్డులో అడిగితే సగం మంది కొత్త సెట్ కొనేయండి అనే అంటారు, వాళ్ల వ్యాపారం వాళ్లది. నేను వెళ్లింది అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ లోపల ఒక చిన్న పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించి గట్టిపరిచే పని) యూనిట్‌కి, బోర్డు కూడా సరిగ్గా కనపడదు, గేట్లు, గ్రిల్స్, బైక్ ఫ్రేములు ఎక్కువ చేస్తారు. ఓనరు చిత్తూరు వైపాయన, తెలుగులోనే మాట్లాడుకున్నాం. నేను క్రోమ్ గురించి అడగ్గానే "వద్దు సార్, సముద్రం పక్కన క్రోమ్ నిలవదు, పొర లేచాక మీరొచ్చి నన్నే అడుగుతారు" అన్నాడు. పని వద్దని చెప్పేవాడు దొరకడమే కష్టం కాబట్టి అక్కడే నాకు నమ్మకం కుదిరింది. అనోడైజింగ్ (కరెంటుతో అల్యూమినియం పైపొరనే గట్టిపరిచే పద్ధతి) కూడా అడిగా, పోత అలాయ్ వీల్స్‌లో మామూలుగా సిలికాన్ 7 శాతం దాకా ఉంటుంది కదా, దానివల్ల మసక బూడిద రంగులో మచ్చలు మచ్చలుగా వస్తుందట, అది నిజమే. ఏ కోటూ లేకుండా పాలిష్ చేయించుకుంటే అందంగానే ఉంటుంది, కాకపోతే ఈ గాలికి త్వరగా మసకబారుతుంది, మాటిమాటికీ గుడ్డ పట్టుకుని కూర్చునే ఓపిక ఉండాలి.

చివరికి మిగిలినవి రెండు, మామూలు స్ప్రే పెయింటు, పౌడర్ కోటింగు. పెయింటులో ఒక సుఖం ఉంది, గీత పడితే ఆ ముక్క వరకు టచప్ చేసుకోవచ్చు. పౌడర్ గట్టిది, రాళ్ల దెబ్బలు బాగా ఆపుతుంది, కానీ లోతుగా పోయిందంటే నీట్‌గా అతుకు వేయడం కుదరదు, ఆ వీల్ మొత్తం గీకి మళ్లీ వేయాల్సిందే. మన రోడ్లు చూసి నేను పౌడర్‌కే వెళ్లా.

అసలు రంగు కంటే ముందు జరిగే పని చూడండి, షాపు మంచిదో కాదో అక్కడే తెలుస్తుంది. వీళ్లు పాత కోటింగ్‌ని కెమికల్‌తో తీసి, సన్నగా బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సన్న రవ్వ కొట్టి గీకడం) చేశారు, స్టీల్ గ్రిట్ వాడలేదు (ఇనుము రవ్వలు అల్యూమినియంలో ఇరుక్కుంటే తుప్పుకి మనమే దారి చూపించినట్టు). పాత పెయింటు ఓవెన్‌లో పెట్టి కాల్చేస్తాం, పని తొందరగా అవుతుంది అనేవాళ్ల దగ్గర్నుంచి వీల్స్ తీసుకుని వచ్చేయండి. పౌడర్ కరిగి గట్టిపడటానికి సుమారు 180 నుంచి 200 డిగ్రీలు చాలు, దాన్ని దాటి ఎక్కువసేపు వేడి చేస్తే అలాయ్ బలం తగ్గుతుంది, అందుకే ఓవెన్ ఎంతలో పెడతారు, ఎంతసేపు అని మొహమాటపడకుండా అడగండి. ఇంకోటి, పోత మెటల్‌లో సన్న సన్న రంధ్రాల్లో గాలి ఉంటుంది, పౌడర్ వేసేముందు వీల్‌ని ఒకసారి వేడి చేసి ఆ గాలి వదిలించకపోతే ఫినిష్ మీద సూది పొడిచినట్టు గుంటలు వస్తాయి. వీళ్లు అడక్కుండానే చేశారు.

ఇక గొడవ. నట్లు కూర్చునే చోటు, హబ్‌కి ఆనే వెనక భాగం పౌడర్ పడకుండా మూసేయాలి, అక్కడ మందంగా పడితే నట్ టైట్ చేసినట్టే ఉంటుంది, తర్వాత ఆ పొర నలిగి లూజవుతుంది, ఇది అందం విషయం కాదు ప్రాణం విషయం. మూడు వీల్స్‌కి శుభ్రంగా మూశారు, ఒకదానికి నట్ సీట్లలో పౌడర్ ఉంది. చూపిస్తే వాదించకుండా అక్కడే తీసిచ్చారు, అయినా నేను చూడకపోతే అలాగే వచ్చేసేదిగా! ఆ వీల్ లోపలి గుండ్రటి గోడ వైపు కొంచెం ఆరెంజ్ పీల్ (కమలా తొక్కలా గరుకు) కూడా ఉంది, బయటికి కనపడదు కాబట్టి వదిలేశా. చెప్పిన టైముకి ఇవ్వలేదు, ఫోన్ ఎత్తరు, టైర్లు విప్పడం బిగించడం మనమే బయట చూసుకోవాలి. మార్కు తగ్గించింది వీటికే. ఐదుకి నాలుగు.

రంగు సంగతికొస్తే నెల్లూరు నుంచి వచ్చిన మా బావమరిది గ్లాసీ బ్లాక్ (నిగనిగలాడే నలుపు) వేయించు బావా, కేక ఉంటుంది అని ఒకటే పోరు. కేకే, కడిగిన పది నిమిషాలు. బోరు నీళ్లతో కడిగేవాళ్లకి నలుపు మీద తెల్ల మరకలు తప్ప ఇంకేం మిగలవు, ప్రతి గీతా కనపడుతుంది. నేను శాటిన్ (మెరుపు తక్కువ) ముదురు బూడిద రంగు తీసుకున్నా, బ్రేక్ డస్ట్ అందులో కలిసిపోతుంది, పైన క్లియర్ కూడా వేయించా.

టైర్ షాపులో బ్యాలెన్సింగ్‌కి సుత్తితో కొట్టి తగిలించే క్లిప్పు బరువులు వద్దని, లోపల అంటించేవే వేయమని ముందే చెప్పండి, లేకపోతే కొత్త కోటింగ్ అంచు అక్కడే చిట్లుతుంది. నట్లు కారు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించమనండి, ఓ 50-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయించండి. యాసిడ్ వీల్ క్లీనర్లు కొట్టొద్దు, కార్ షాంపూ చాలు. అక్టోబర్ వానలు మొదలయ్యేలోపే ఇచ్చేయండి.