మూడు భాషల బడిలో ఏడేళ్ళు

పిల్లల బడి ఫీజు మా కంపెనీ కడుతుందన్నారు. ఇంకేమీ అడక్కుండా చేర్చేశాం. అప్పుడు పాప ప్రైమరీ మూడో తరగతి, బాబు నర్సరీ. ఇది ఏడో ఏడాది. ఇప్పుడు చేర్చాల్సివస్తే చాలా ప్రశ్నలు అడుగుతాను.

మా బడి యూరోపియన్ స్కూల్స్ పద్ధతిలో నడుస్తుంది. 1953లో లక్సెంబర్గ్‌లో యూరోపియన్ బొగ్గు, ఉక్కు సంఘం (తర్వాత యూరోపియన్ యూనియన్‌గా ఎదిగిన దేశాల కూటమి) ఉద్యోగులు తమ పిల్లల కోసం పెట్టించుకున్న బడితో మొదలైన పద్ధతి ఇది. ఒకే ఆవరణలో వేర్వేరు భాషల సెక్షన్లు, ఎవరి చదువు వాళ్ళ మాతృభాషలో. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ మాతృభాష యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటై ఉండాలి. మన పిల్లలు ఇంగ్లీష్ సెక్షన్‌లో కూర్చుంటారు. ఫారంలో ‘మొదటి భాష: ఇంగ్లీష్’ అని మనమే రాసి సంతకం పెడతాం. ఆ రోజు నాకేమీ అనిపించలేదు.

రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకున్నాం. మిగతా పిల్లలు ఒకటో తరగతి నుంచే నేర్చుకుంటున్నారు, పాప రెండేళ్ళు వెనకబడి చేరింది. అయినా ప్రైమరీలో ఆటపాటలతో గడిచిపోయింది. అసలు కథ సెకండరీ మూడో ఏడాదిలో, అంటే మన లెక్కన ఎనిమిదో తరగతిలో, మొదలైంది. అక్కడి నుంచి చరిత్ర, భూగోళం రెండో భాషలోనే చెబుతారు. మొదటి మూడు నెలలు రోజూ ఏడుపే. నాకు ఫ్రెంచ్ రాదు, పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరం బొమ్మలు చూసేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం గురించి నాకు చెబుతూ మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట దానికి ఫ్రెంచ్‌లో తప్ప ఇంగ్లీష్‌లో తెలియదట! చరిత్ర క్లాసులో జర్మన్ సెక్షన్ పిల్లలు, ఇటాలియన్ సెక్షన్ పిల్లలు కలిసే కూర్చుంటారు. ఆ యుద్ధం పాఠం అలాంటి గదిలో వినడం వేరే సంగతి. ఈ ఒక్క విషయానికే ఈ బడికి నా ఓటు.

లోపాలు లేవని కాదు. కొందరు టీచర్లను వాళ్ళ దేశ ప్రభుత్వాలే పంపుతాయి, వాళ్ళు చాలా ఏళ్ళు ఉంటారు. స్థానికంగా తీసుకున్నవాళ్ళు మాత్రం నిలవడం లేదు. ఒక ఏడాది పాపకి ముగ్గురు లెక్కల టీచర్లు మారారు, అడిగితే సర్క్యులర్ పంపారు. ఫీజు విషయంలోనూ ధీమా వద్దు. యూరోపియన్ యూనియన్ సంస్థల సొంత ఉద్యోగుల పిల్లలకి ఫీజు లేదు. బడితో ఒప్పందం ఉన్న కంపెనీల ఉద్యోగుల పిల్లలకి కంపెనీ కడుతుంది. మిగతావాళ్ళకి ఖాళీ ఉంటేనే సీటు, అదీ సొంత ఖర్చుతో. మా కాంట్రాక్టు రెన్యువల్ ఒకసారి రెండు నెలలు ఆలస్యమైతే ఇంట్లో ఒకటే టెన్షన్.

ఇక తెలుగు. పాపకి పర్లేదు, బాబు మాత్రం ‘నేను ఆకలిగా ఉన్నాను’ అంటాడు. అది విని వాళ్ళ అమ్మమ్మ ఫోన్‌లో నవ్వింది, మాకు నవ్వు రాలేదు. తప్పు బడిది కాదు. చేరిన కొత్తలోనే టీచరమ్మ ఒకావిడ ‘ఇంట్లో మీ భాషే మాట్లాడండి, ఇంగ్లీష్ సంగతి మేం చూసుకుంటాం’ అని చెప్పింది. మేమే తొందరపడి ఇంగ్లీష్ మొదలుపెట్టాం. రెండేళ్ళుగా శనివారాలు అరగంట కూర్చోబెట్టి రాయిస్తున్నాను. గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర ఇంకా తంటాలే.

ఇంకొకటి, ఏటా జూన్‌లో ఎవరో ఒకరు వెళ్ళిపోతారు. తల్లిదండ్రులకి బదిలీలు మరి. బాబుకి ఇప్పటిదాకా నలుగురు ప్రాణస్నేహితులు మారారు. వచ్చే ఏడాది సెకండరీకి వెళుతున్నాడు, మూడో భాష ఎంచుకోవాలి. స్పానిష్ అంటున్నాడు, పక్క బెంచీ స్నేహితుడు తీసుకుంటున్నాడని. ఆ పిల్లవాడి ఇంట్లోవాళ్ళు ఈ జూన్‌లోనే వెళ్ళిపోతున్నారు. మావాడికింకా చెప్పలేదు.