మీటరు ప్లాస్టిక్ మీద గీతలు పడకుండా: నేను కొన్నవాటిలో ఏవి నిలిచాయి

ముందే తీర్పు చెప్పేస్తాను. కారులోని పారదర్శక ప్లాస్టిక్‌ను శుభ్రంగా ఉంచడానికి ఇన్నేళ్లలో నేను కొన్న సామాన్లలో అన్నిటికన్నా పనికొచ్చింది కెమెరా లెన్సు మీద గాలి ఊదే రబ్బరు బ్లోయరు. కారు సామాన్ల దుకాణంలో అది కనిపించదు, ఫొటో సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. ధర కూడా పాలిష్ సీసాల కన్నా తక్కువే.

మాది కరీంనగర్. చుట్టూ గ్రానైట్ క్వారీలు, రోడ్ల నిండా రాళ్ల లారీలు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది 5.5 దరిదాపులు. వేగం చూపే మీటరు ముందుండే పలక చాలా కార్లలో గాజు కాదు, యాక్రిలిక్ లేదా పాలికార్బొనేట్. అవి గాజు కన్నా చాలా మెత్తన. ఆ పలక మీద వాలిన దుమ్మును పొడిగుడ్డతో ఒక్కసారి గట్టిగా తుడిస్తే చాలు, ఎండ పడినప్పుడు గుండ్రటి సన్నగీతలన్నీ బయటపడతాయి. గుడ్డ ఎంత ఖరీదైనదైనా దాని కింద రాతిపొడి ఉంటే అది ఉప్పుకాగితంతో సమానం. పైగా ప్లాస్టిక్‌ను పొడిగా రుద్దితే దానిలో స్థిర విద్యుత్తు పుట్టి, పోయిన దుమ్మును మళ్లీ లాక్కుంటుంది.

అందుకే ముందు బ్లోయరుతో ఊదుతాను. మూలల్లో ఇరుక్కున్నదాన్ని మెత్తటి కుచ్చు బ్రష్షుతో కదిలిస్తాను. రంగులు వేసే బ్రష్షు దీనికి పనికిరాదు, దాని కుచ్చు బిరుసు. మా ఆవిడ పౌడరు బ్రష్షు భేషుగ్గా పనిచేస్తుందని నేను కనిపెట్టాను. ఆ సంగతి ఆవిడా కనిపెట్టింది కాబట్టి ఇప్పుడు నాకంటూ ఒకటి వేరే ఉంది.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, వాటిని పోగొట్టాలంటే మళ్లీ రుద్దాలి. నేను బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడతాను. అక్కడ ఆమ్లం కూడా అలాంటి డబ్బాల్లోనే ఉంటుంది కాబట్టి అడిగి, లేబులు చూసి తీసుకోవాలి. వేలిముద్రల జిడ్డు ఉంటే చిన్న సీసాడు నీళ్లలో పసిపిల్లల షాంపూ ఒక్క చుక్క చాలు. నీళ్లను నేరుగా మీటరు మీద చల్లకూడదు. అంచుల సందుల్లోంచి లోపలి సర్క్యూట్ దాకా పోతాయి. గుడ్డను తడిపి, బాగా పిండి, బరువు మోపకుండా ఒకే వైపుకు లాగాలి. ప్రతిసారీ గుడ్డను మడత మార్చాలి.

మైక్రోఫైబరు గుడ్డల్లో రకరకాలు వాడాను. పాలియెస్టర్ 80 శాతం, పాలిఅమైడ్ 20 శాతం ఉన్నవి బాగా మన్నాయి. ప్యాకెట్ మీద జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) అంకె పెద్దగా ఉందని మోసపోవద్దు, అంచు చూడండి. చుట్టూ నైలాన్ దారంతో కుట్టిన అంచు, మూలన ఉండే లేబులు, ఈ రెండూ గీతలు పెడతాయి. కుట్టు లేని అంచు గుడ్డ కొద్దిగా ఖరీదు ఎక్కువైనా అదే కొంటాను. సిగ్నళ్ల దగ్గర అమ్మేవి కొన్ని ఉతుకులకే అట్టకట్టాయి. వీటిని నూలు బట్టలతో కలిపి ఉతికితే నూలుపోగులు పట్టుకుంటాయి, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం కలిపితే నీళ్లు పీల్చడం మానేస్తాయి. కింద పడిన గుడ్డ నేరుగా చక్రాలు తుడిచే గుడ్డల్లోకి పోతుంది.

ఇక పాలిష్. ఉన్న గీతలకు నోవస్ వాడాను. అది మూడు సీసాలుగా వస్తుంది: 1 శుభ్రం చేయడానికి, 2 సన్నగీతలకు, 3 లోతైన గీతలకు. రెండో నంబరు మీటరు మీది వెంట్రుక గీతలను దాదాపు కనబడకుండా చేసింది. గోరుకు తగిలే గీత మాత్రం అలాగే ఉంది. పాలిష్ ఆరాక అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది, కాబట్టి చుట్టూ మాస్కింగ్ టేపు వేసి మొదలుపెట్టాలి. ఇది పలక పైపొరను కొద్దికొద్దిగా అరగదీస్తుంది గనుక నెలనెలా చేసే పని కాదు. మెరుపు తగ్గించే పూత ఉన్న తెరలకు, టచ్‌స్క్రీన్‌కు అసలే వద్దు. ఆ పూత పోతే తిరిగి రాదు.

దసరాకు ఆయుధపూజలో మీటరు మీద పెట్టే బొట్టు మన కార్లకున్న ప్రత్యేక సమస్య. కుంకుమను రుద్దకుండా ముందు ఊదెయ్యాలి. పసుపు మరక తడిగుడ్డకు పూర్తిగా లొంగకపోతే బలం ఉపయోగించనక్కర్లేదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కారును కొన్నాళ్లు ఎండలో నిలిపితే ఆ పని సూర్యుడే చేస్తాడు.

ఇంట్లో అద్దాలు తుడిచే ద్రవాల్లో అమోనియానో ఆల్కహాలో ఉండటం మామూలే. గాజుకు బాగుంటాయి గానీ యాక్రిలిక్‌కు ఆల్కహాలు తగిలితే సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు రావచ్చు. 2020లో మా బావమరిది తన కారు లోపలంతా శానిటైజరుతో తుడిచేవాడు. కరోనా పోయింది, మీటరు మీద పగుళ్లు ఉండిపోయాయి. డ్యాష్‌బోర్డుకు నిగనిగలాడే సిలికాన్ స్ప్రే కొట్టేవారు మీటరును గుడ్డతో కప్పి కొట్టండి. ఆ జిడ్డు పొర దుమ్మును పట్టుకుంటుంది. నాకైతే ఆ స్ప్రేయే అనవసరం, దాని మెరుపు ముందు అద్దంలో ప్రతిఫలించి కళ్లలో పడుతుంది.

హెడ్‌లైట్ల పసుపుదనానికి టూత్‌పేస్ట్ చిట్కా అందరూ చెబుతారు. మొదట మెరిసే మాట నిజమే. కానీ పాలికార్బొనేట్ పైన కంపెనీ వేసే అతినీలలోహిత రక్షణ పూత అప్పటికే పాడైంది, మిగిలిన కాస్తా ఈ రుద్దుడుతో పోతుంది. మెగ్వైర్స్ ప్లాస్ట్‌ఎక్స్ అనే ప్లాస్టిక్ పాలిష్ ఇంకా నున్నగా మెరిపించింది, అయినా పైన రక్షణ పూత వేయకపోవడంతో మా ఎండలకు పసుపు మళ్లీ తిరిగొచ్చింది. పూతతో కలిపి వచ్చే కిట్ కొనండి, లేదా ఆ పని తెలిసినవారికి ఇవ్వండి.

సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం జాబ్ కార్డు మీద ‘మీటరు, టచ్‌స్క్రీన్ తుడవవద్దు’ అని రాయిస్తాను. అక్కడ తలుపుల అంచులు తుడిచిన గుడ్డే లోపలికీ వస్తుంది. రాసుకునే అబ్బాయి నవ్వుకుంటాడు గానీ రాస్తాడు.