గన్నవరాన్ని 'గున్నరం' అని కొడితే దొరికింది

పాత పుస్తకాల స్కాన్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు నాలుగేళ్ళుగా వాడుతున్నాను. దాని పేరెత్తితే అందరూ పాత వెబ్‌సైట్లు చూపించే వేబ్యాక్ మెషీన్ సంగతే చెబుతారు. నాకు ప్రాణం మాత్రం సెర్చ్ దగ్గరుండే 'టెక్స్ట్ కంటెంట్స్' ఆప్షన్. అది ఎంచుకోకపోతే పుస్తకం పేరూ వివరాల్లోనే వెతుకుతుంది. ఎంచుకుంటే స్కాన్ చేసిన పేజీల లోపలికి వెళ్ళి వెతుకుతుంది.

మా నాన్న కాలవల మీద లష్కరుగా చేశారు. కోనసీమలోని పి.గన్నవరం పాత అక్విడెక్టు, అంటే గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, మాట వస్తే చాలు, "దగ్గరుండి కట్టించింది హేగు దొర. 49 ఖానాలు" అనేవారు. చుట్టాలు నవ్వి ఊరుకునేవారు. కోనసీమలో పాత కట్టడమంటే కాటన్ దొర పేరే కదా చెబుతాం! మామూలు సెర్చ్‌లో గన్నవరం అంటే విజయవాడ దగ్గరి విమానాశ్రయం వస్తుంది. అక్విడెక్టు అని చేరిస్తే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది వస్తుంది.

ఆర్కైవ్‌లోనూ మొదట ఏమీ రాలేదు. ఓ రాత్రి తట్టింది, దొరలు మన ఊళ్ళ పేర్లు మనలా రాయలేదని. కాకినాడనే కొకనాడ చేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'గున్నరం' అని కొట్టాను. వాల్చ్ అనే ఇంజినీరు డెల్టా పనుల మీద 1896లో రాసిన పుస్తకం వచ్చింది. మాట ఉన్న చోటల్లా గుర్తులు. ఒక్కోటీ నొక్కుతూ పోయాను. లెఫ్టినెంట్ హేగ్. 40 అడుగుల కమానులు 49. వైనతేయ పాయ మీదుగా నగరం లంకకి నీళ్ళు.

తెల్లారాక ఫోన్లో పేజీ పెద్దది చేసి నాన్నకిచ్చాను. హేగ్ పేరు మీద వేలు పెట్టారు, పేజీ జరిగిపోయింది. మళ్ళీ తెచ్చిచ్చాను. "ఇంకోసారి చదువమ్మా" అన్నారు.

ఇదంతా ఇంగ్లీషు పుస్తకాల మాట. పాత తెలుగు అచ్చులో వత్తులు యంత్రానికి సరిగా అందవు. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి సైటు కొన్నాళ్ళు ఆగింది. అప్పట్నుంచి కావలసిన పేజీ ఫోన్లో దాచుకుంటున్నాను.

నాకు రాత్రిపూట తీరిక ఉంది, ఇంగ్లీషు కూడబలుక్కునే ఓపికా ఉంది కాబట్టి సరిపోయింది. రేపటికల్లా ప్రాజెక్టు రాయాలనే మా అబ్బాయికైతే ఈ దారి చెప్పను. నాన్న ఇప్పుడు చించినాడ రేవు సంగతి చూడమంటున్నారు. ఆ పేరు దొరలెలా రాశారో ఇంకా పట్టుబడలేదు.