ఫైటేజ్ పౌడర్ కొనేటోళ్లు జాగ్రత్త, స్టిక్కర్ కింద ఇంకో తేదీ ఉన్నది

సొంత దాణా కలుపుకునే అన్నలారా, ఇది చదువుండ్రి. రాత్రంత నిద్ర లేదు, రాతల తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా కోళ్ల షెడ్డు దేవరకొండ సైడు, 3,000 కోడి పిల్లలు. షాపు పేరు రాయను, మన దిక్కు దాణా మందులు కొనేటోళ్లకు తెలుస్తది. షాపాయన ఫైటేజ్ పౌడర్ ఇచ్చి "ఈ ఎంజైమ్ ఏస్తే మక్కల్ల, సోయా చెక్కల పట్టి ఉన్న భాస్వరం ఇడుస్తది, డీసీపీ (భాస్వరం కోసం దాణాల కలిపే పొడి) టన్నుకు 15 కిలోలు ఏసేది 8 చేసుకో" అన్నడు. మాట తప్పు కాదు, ఫైటేజ్ పనే అది. గ్రాముకు 5,000 యూనిట్ల (ఎంజైమ్ బలం కొలత) పౌడర్ టన్నుకు 100 గ్రాములు, అంటే కిలో దాణాకు 500 యూనిట్లు. లెక్క నేను కూడ ఏసుకున్న. పౌడర్ల బలం ఉన్నదా లేదా చూడలే.

16వ రోజు నుంచి పిల్లలు కూలబడుడు మొదలు. వైరస్ అనుకొని నీళ్లల్ల మందులు పోసిన. డాక్టర్ సాబ్ వచ్చి ఒక పిల్లను కోసి, కాలి ఎముక తీసి నా చేతుల పెట్టి "వంచు" అన్నడు. పటుక్కున ఇరగాల్సింది పచ్చి పుల్ల లెక్క వంగింది. ముక్కు రబ్బరు లెక్క మెత్తగున్నది. "భాస్వరం అందలే, దాణాల ఏం తగ్గించినవ్?" అన్నడు.

ఇంటికొచ్చి ప్యాకెట్ తీసిన. తేదీ ఉన్న స్టిక్కర్ అంచు లేచి ఉన్నది. గోరుతోని గీకితే కింద ఇంకో తేదీ. గడువు అయిపోయి ఏడు నెలలు.

తీస్కపోయి షాపు కౌంటర్ మీద పెట్టిన. చేతుల కూడ పట్టలే. నలుగురు రైతుల ముందట "స్టిక్కర్ నువ్వే అంటించుకొచ్చినవేమో, బిల్లు చూపెట్టు" అన్నడు. నాలుగేండ్ల సంది ఆయన దగ్గరనే కొంటున్న. పిల్లలు దించిననాడు "తమ్మీ, ఏమన్న కావాల్నా" అని ఫోన్ చేసిన మనిషి. బిల్లు లేదు. బిల్లు లేకుంటే తక్కువకిస్త అంటే సరే అన్నది నేనే, ఆ తప్పు నాదే. మా ఇంటామె అప్పుడే వద్దన్నది, ఇనలే.

డీసీపీ మళ్ల పూర్తిగ కలిపినం, నీళ్లల్ల విటమిన్ డీ3 ఇస్తున్నం. కొన్ని లేస్తున్నయి. కాళ్లు వంకర పోయినవి రెక్కల మీద పాక్కుంట తొట్టి దాక వస్తున్నయి, మెడ అందక ఆడనే పడుతున్నయి. చూడబుద్ధి అయితలేదు.

ఎంజైమ్ మీద కోపం లేదు, మంచిదైతే ఖర్చు నిజంగ తగ్గుతది. యూనిట్లు, బ్యాచ్ నంబరు, తేదీ ప్యాకెట్ మీదనే అచ్చయి ఉండాలె, స్టిక్కర్ మీద ఉంటే ముట్టకుండ్రి. రేకుల కింద వేడికి ఉన్న సరుకు వద్దు. దాణాను వేడి చేసి గుళికలు (పెల్లెట్) కొట్టించేటోళ్లు, ఎంజైమ్ వేడికి తట్టుకునే రకమేనా అడుగుండ్రి. కొత్త ప్యాకెట్ అయితే డీసీపీ ఒక్కపాలే అంత తగ్గించకుండ్రి. బిల్లు లేకుంటే అసలే కొనకుండ్రి.

ఈ నెల ఎవరన్న కొని ఉంటే, ఇప్పుడే లేచి ఆ స్టిక్కర్ గీకి చూడుండ్రి.