హహ్వేలో ఒక రాత్రి

మధ్యాహ్నం పన్నెండింటికి దిగినప్పుడు హహ్వే నాకు పెద్దగా నచ్చలేదు. ఎటు చూసినా టూర్ గ్రూపులు, సెల్ఫీ స్టిక్‌లు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకోకపోయుంటే ఇదే మాట రాసి ఊరుకునేవాణ్ణి.

దక్షిణ కొరియాలో ఆందొంగ్ దగ్గర నక్దొంగ్ నది మెలిక తిరిగి ఈ ఊరిని మూడు వైపులా చుట్టుకుంటుంది. హహ్వే అన్న పేరుకి అర్థం కూడా అదే, నది చుట్టి పోయే చోటు. పుంగ్సాన్ ర్యు వంశం వాళ్లు 600 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. 2010లో యాంగ్దొంగ్ అనే ఇంకో ఊరితో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. సెట్టింగులా కట్టిన ఊరు కాదిది. ఇళ్ల వెనక కూరపాదులున్నాయి, తీగల మీద బట్టలు ఆరుతున్నాయి.

ఊరి నడుమ పెద్దింటి వాళ్ల పెంకుటిళ్లు, చుట్టూ సామాన్యుల గడ్డి కప్పిన ఇళ్లు. ఎవరు ఎక్కడుండాలో ఆ కప్పులే చెప్పేవన్నమాట. ఇళ్లన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉండవు, ఎక్కువగా నది వైపు చూస్తాయి. గోడలు మట్టివి. ఊరు నీటి మీద తేలే పడవలాంటిది కాబట్టి రాతిగోడ కడితే బరువుకి మునుగుతుందని, బావి తవ్వితే పడవకి చిల్లు పడినట్టేనని పాత నమ్మకం.

చుంగ్హ్యోదాంగ్ దగ్గర ఎక్కువసేపు ఆగాను. 1592లో జపాన్ దండెత్తి వచ్చినప్పుడు మంత్రిగా ఉన్న ర్యు సొంగ్ర్యొంగ్ వంశం వాళ్ల ఇల్లది. 1999లో ఎలిజబెత్ రాణి వచ్చి నాటిన మొక్క ముందర ఫోటోలకి క్యూ ఉంది. నా కళ్లు మాత్రం చెక్క అరుగు మీదే నిలిచాయి. కొరియన్లు దాన్ని మారు అంటారు. నేల మీంచి కాస్త ఎత్తులో ఉండటంతో కింద నుంచి గాలి ఆడుతుంది, అది వేసవికి. చలికాలానికి పక్క గదిలో ఒందోల్ ఉంటుంది. వంటపొయ్యి వేడీ పొగా నేల కింద పరిచిన రాళ్ల గుండా వెళ్లి గదిని వెచ్చబరుస్తాయి. పొయ్యికి దగ్గరి చోటు ఇంట్లో పెద్దలది.

మేం దిగిన గడ్డి ఇంట్లో పొయ్యి లేదు, నేల కింద బాయిలర్ గొట్టాలే. పరుపు పల్చన, బాత్‌రూమ్ నాలుగు గదులకీ ఒక్కటే. బుకింగ్‌లో 'విడి బాత్‌రూమ్' అని చూసి డబ్బు కట్టాం. అడిగితే ఇంటి పెద్దావిడ నవ్వేసి, కోసిన ఆపిల్ పళ్లెం చేతిలో పెట్టింది. ఇంకేం గొడవ పడతాం? నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఆందొంగ్‌లో మామూలు హోటల్ చూసుకోండి.

భోజనానికి ఆందొంగ్ ఉప్పు చేప తిన్నాం. సముద్రం దూరం కాబట్టి పాడవకుండా ఉప్పు పట్టించే అలవాటు వచ్చింది. బాగుంది, కానీ కారం లేదు. మా ఆవిడ సంచిలోంచి ఆవకాయ పొట్లం తీసింది.

చీకటి పడ్డాక ఊళ్లో అడుగుల చప్పుడు కూడా లేదు. తెల్లారి ఆరింటికి పైన్ తోపులో నడిస్తే ఎదురుగా బుయొంగ్దే కొండ, కింద పొగమంచులో నది. కొండ మీదికెక్కి పైనుంచి ఊరిని చూద్దామనుకున్నాం కానీ ఆరోజు నది దాటించే పడవ నడవలేదు. చుట్టు తిరిగి టాక్సీలో వెళ్లాల్సి వచ్చింది.