బోరుకొచ్చిన బొలెరో పికప్: ఇంజన్ పని చేయించి నాలుగేళ్లు నడిపాక

పాత బొలెరో పికప్ ఇంజన్ బోరుకొస్తే, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోతే, ఉన్న ఇంజన్‌నే పని చేయించుకోండి, వేరే పాత బండి నుంచి తీసి అమ్మే స్క్రాప్ ఇంజన్ జోలికి పోవద్దు. నాలుగేళ్లకు పైగా బత్తాయి లోడు మోయించాక చెప్తున్న మాట ఇది. అయితే ఇంజన్ ఎందుకు అరిగిందో ముందు తేలాలి. అది తేలకుండా ఎంత ఖర్చు పెట్టి కొత్త పిస్టన్లు వేసినా అవీ అదే దారిన పోతాయి.

నాది నల్లగొండ జిల్లా ఏపీ 24 నంబరు బండి. నాలుగు సిలిండర్ల 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్, పాత రకం మెకానికల్ డీజిల్ పంపు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దేవరకొండ రోడ్డు వైపు తోటల్లో కాయ ఎక్కించుకుని నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోవడం దీని పని. కాయ లేని రోజుల్లో వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతాయి.

బండి మూడు రకాలుగా చెప్పింది. పొద్దున స్టార్ట్ కావడానికి సతాయించేది. లోడుతో చిన్న ఎత్తు వచ్చినా మూడో గేరులోకి దిగాల్సి వచ్చేది. ఆయిల్ మార్చాక మళ్లీ మార్చేలోపు రెండు మూడు లీటర్లు పైన పోయాల్సి వచ్చేది, వెనకాల నీలి పొగ. పొగ రంగు చూడటం అందరూ నేర్చుకోవాలి. నల్ల పొగ అంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని. నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చల్లేవి), పంపు, ఎయిర్ ఫిల్టర్ చూపిస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. నల్ల పొగకే ఇంజన్ దింపించుకుని డబ్బు పోగొట్టుకున్న వాళ్లు మా దగ్గర ఉన్నారు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం. దానికీ వాల్వ్ సీళ్లు, టర్బో ఉన్న బండి అయితే టర్బో సీళ్లు కూడా కారణం కావచ్చు. అందుకే పొగ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు.

మా మేస్త్రీ మొదట ఇంజన్ స్లోలో ఉంచి ఆయిల్ పోసే మూత విప్పి బోర్లించి పెట్టాడు. మూత ఎగిరెగిరి పడింది, కింద నుంచి గుప్పుగుప్పుమని ఆవిరి, అంటే సిలిండర్‌లోని గాలి రింగులు దాటి కిందికి వస్తోందని. తర్వాత నాజిల్ తీసిన రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి విన్నాడు. ఆ సమయంలో ఆ సిలిండర్ పిస్టన్ పైన, వాల్వులు రెండూ మూసి ఉండాలి. గాలి ఆయిల్ గేజ్ గొట్టంలోంచి బుసకొడితే రింగులు, బోరు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ (సిలిండర్ల పై భాగం) గాస్కెట్ లేదా హెడ్డే పగులు. మాకు గేజ్ గొట్టంలో వచ్చింది. ఇంత సులువైన పరీక్ష చేయకుండా ఇంజన్ దించుదాం అనే గ్యారేజీని నమ్మకండి.

ఒక గ్యారేజీలో రింగులు, బేరింగులు వేసి తక్కువలో తేల్చేస్తామన్నారు. మా మేస్త్రీ మాట వేరే: "బోరు కొలవకుండ రింగులేస్తే ఆరు నెలలు నడుస్తదన్నా, తర్వాత మళ్లా నా దగ్గరికే వస్తవు." హెడ్ దించాక అది నిజమేనని కళ్లతో చూశాను. పై రింగు వెనక్కి తిరిగే చోట సిలిండర్ గోడ మీద గోరు పెట్టి పైకి లాగితే మెట్టులా తగిలింది. కోలగా అరిగిన ఆ గోడకు గుండ్రటి కొత్త రింగు ఎలా ఆనుతుంది?

స్క్రాప్ ఇంజన్ సంగతి. హైదరాబాద్‌లో ఒక చోట యాక్సిడెంట్ బండిది అని చూపించారు. ధర పని చేయించే ఖర్చుకు దగ్గరదగ్గరే. సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి ఒక బేరింగ్ చూడనివ్వమంటే ఒప్పుకోలేదు. గ్యారంటీ అంటే బండి స్టార్ట్ అయ్యేదాకానే. పైగా ఇంజన్ నంబరు ఆర్సీలో ఉంటుంది, ఇన్సూరెన్స్‌లో ఉంటుంది. ఇంజన్ మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఏలో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆ ఇంజన్ ఏ బండిదో కాగితం లేకపోతే అక్కడే ఆగిపోతారు. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఫిట్‌నెస్ కావాలి కాబట్టి దీన్ని దాచిపెట్టి నడపడం కుదరదు. టాటా బండ్ల వాళ్లకైతే కంపెనీ ప్రోలైఫ్ పేరుతో రీకండిషన్ చేసిన ఇంజన్లు ఇస్తుంది, పాతది ఇచ్చి తీసుకోవచ్చు. అలాంటిది దొరికితే స్క్రాప్ కంటే ఎంతో నయం.

లేత్ దగ్గర నేను పొద్దంతా కూర్చున్నాను, మీరూ కూర్చోండి. బోరును పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా గేజ్ పెట్టి కొలిచారు. క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) మైక్రోమీటర్‌తో కొలిచి, పగుళ్లు లేవని తేల్చుకున్నాకే 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేసి ఆ సైజు బేరింగులు వేశారు. నాలుగు లైనర్లూ (సిలిండర్ల లోపలి తొడుగులు) కొత్తవి, పిస్టన్ కిట్ కొత్తది. హెడ్‌కు వాల్వ్ గైడ్లు, వాల్వ్ సీట్లు వేసి, అడుగు చదును (సర్ఫేస్) చేశారు. నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్ విడిగా. అన్నీ కలిపి లక్షకు కొంచెం లోపే అయింది. కొత్త పికప్ తొమ్మిది పది లక్షల మాట కాబట్టి లెక్క తేలిపోయింది.

ఎక్కువ మంది వదిలేసేది కడగడం. హోనింగ్ (సిలిండర్ గోడను రాయితో సానపట్టడం) చేశాక రాయి పొడి గోడకు పట్టి ఉంటుంది, డీజిల్‌తో తుడిస్తే పోదు. మా మేస్త్రీ వేడి నీళ్లు, సబ్బు, బ్రష్ పెట్టి ఆయిల్ దారులన్నీ రుద్దించాడు. తెల్ల బట్ట నూనెలో ముంచి సిలిండర్‌లో తిప్పాడు. బట్ట బూడిద రంగు తేలితే మళ్లీ కడుగు. బట్ట తెల్లగా వచ్చేదాకా పిస్టన్ ముట్టలేదు. ఈ ఇంజన్ ఇంతకాలం నిలవడానికి సగం కారణం ఆ బట్టే అని నా నమ్మకం.

ఇక అరగడానికి అసలు కారణం. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు అడుగున, క్లిప్ పక్కన పగిలి ఉంది. పైనుంచి చూస్తే కనపడదు. ఫిల్టర్ దాటాక ఆ పైపు లోపల శుభ్రంగా ఉండాలి. వేలు పెడితే ఎర్ర దుమ్ము అంటింది. మన చెల్కల్లో, వరి కోతల సీజన్‌లో ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి ఆయిల్‌తో కలిసి గోడలను గీకేసింది. రెండోది రేడియేటర్. మా వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లకు సబ్బు నురగ కూడా సరిగా రాదు. అవే పోస్తూ వస్తే గొట్టాల్లో తెల్లటి గార పేరుకుని ఇంజన్ వేడి సరిగా దిగలేదు. రేడియేటర్ కోర్ మార్పించి అప్పటి నుంచి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయలేదు. ఇంజన్ పనికి లక్ష పెట్టే మనిషి వీటికి పిసినారితనం చేయొద్దు.

మొదటి కొన్ని వారాలు సగం లోడే వేశాను. ఒకే స్పీడులో ఎక్కువసేపు తొక్కలేదు, స్లోలో ఊరికే ఉంచలేదు. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) మళ్లీ చూపించాను.

ఇప్పటి పరిస్థితి. లోడుతో లీటరుకు పదకొండు, పన్నెండు ఇస్తోంది, అంతకుముందు తొమ్మిది దాటేది కాదు. చలికాలంలోనూ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య అర లీటరు కూడా తాగడం లేదు. శ్రీశైలం దారిలోని దోమలపెంట ఘాట్ లోడుతో ఎక్కించాను, వేడి ముల్లు కదలలేదు. ఇబ్బందులూ ఉన్నాయి. రెండో ఏడాది ఒక నాజిల్ కారింది, దాని టిప్ మార్చాల్సి వచ్చింది. ఇంజన్ చప్పుడు మాత్రం కొత్త బండిలా ఎప్పటికీ ఉండదు, అది ఆశించొద్దు.

అందరికీ ఇదే సలహా చెప్పను. ఛాసిస్ తుప్పు పట్టి పగుళ్లొచ్చినా, బ్లాక్ పగిలినా ఆ డబ్బు వేరే బండికి పెట్టుకోవడం మంచిది. కామన్ రైల్ (కంప్యూటర్ లెక్కతో డీజిల్ చల్లే కొత్త రకం) బండి అయితే నాజిళ్లు, పంపు రిపేరే చాలా ఎక్కువ అడుగుతారు. ముందు వాటి ఖర్చు కనుక్కుని ఆ తర్వాతే ఇంజన్ గురించి ఆలోచించండి.

ఈ మధ్య క్రాంక్ వెనక ఆయిల్ సీల్ దగ్గర తడి కనిపిస్తోంది. దానికి గేర్‌బాక్స్ దించాలి, దించాక క్లచ్ ప్లేట్ కూడా అదే కూలీలో అయిపోతుంది. కాయ సీజన్ తగ్గగానే రెండూ కలిపి చేయిస్తాను.